పర్కషనిస్ట్‌కి జాజ్ ఇంప్రొవైజేషన్: ఏ వాద్యంతో, ఏ పద్ధతిలో మొదలుపెట్టాలి?

మొదటిసారి జాజ్ బ్యాండ్‌తో డ్రమ్ సోలో వాయించినప్పుడు నా చేతులు బాగానే ఆడాయి. రోల్స్ పలికాయి, టామ్‌ల మీద ఇష్టంగా సాధన చేసుకున్న వరసలన్నీ వచ్చాయి. చివర్లో సింబల్ మీద గట్టిగా ఒక దెబ్బ వేసి తలెత్తి చూశాను. ఎవరూ అందుకోలేదు. బేస్ వాయించే ఆయన నవ్వుతూ నాలుగు వేళ్లు చూపించాడు. 32 బార్ల పాటలో (బార్ అంటే ఇక్కడ నాలుగు బీట్ల ముక్క) ఇంకా నాలుగు బార్లు మిగిలి ఉన్నాయి. ఆ నాలుగు బార్లలో ఏం వాయించానో ఇప్పటికీ గుర్తులేదు, గుర్తు తెచ్చుకోవాలనీ లేదు.

తర్వాత వైబ్రఫోన్ (పియానో అమరికలో ఉన్న లోహపు పలకల్ని కర్రలతో కొట్టే వాద్యం) నేర్చుకున్నాను, కొందరికి నేర్పుతున్నాను కూడా. వచ్చినవాళ్లు అడిగేవి దాదాపు ఒకటే. డ్రమ్ సెట్ మీదే ఇంప్రొవైజేషన్ (అప్పటికప్పుడు కల్పించి వాయించడం) నేర్చుకోవచ్చా, వైబ్రఫోన్ పట్టుకోవాలా, పియానో నేర్చుకోవాలా? థియరీ ముందా, చెవి ముందా? నేర్పేవాళ్ల ప్రశ్న ఇంకోటి: స్కేల్స్‌తో (స్వరాల వరసలతో) మొదలుపెట్టాలా, లయతోనా?

అన్ని దారులూ మంచివే అని చెప్పి తప్పుకోను. నా మొగ్గు ముందే చెప్పేస్తాను. పర్కషనిస్ట్ (కొట్టి వాయించే వాద్యాల కళాకారుడు) దగ్గర లయ అనే పెట్టుబడి ఉంది. చాలా పద్ధతులు మొదటి రోజే దాన్ని పక్కన పెట్టించి, స్వరాల దగ్గర అతన్ని ఒకటో తరగతిలో కూర్చోబెడతాయి. ఆ పెట్టుబడిని వాడుకుంటూనే పాటని చెవిలోకి ఎక్కించే దారి ఏదైతే, అది మీది.

దేన్ని బట్టి ఎంచుకోవాలి

జాజ్‌లో ఒక పాటని మొదటి నుంచి చివరిదాకా ఒకసారి తిప్పితే దాన్ని కోరస్ అంటారు. బ్లూస్ అయితే మామూలుగా 12 బార్లు. పాత బ్రాడ్‌వే (న్యూయార్క్ సంగీత నాటకాల) పాటలైతే ఎక్కువగా 32, అంటే ఎనిమిదేసి బార్ల ముక్కలు నాలుగు. సోలో వాయించేవాళ్లు మారుతుంటారు, కింద ఈ చట్రం మాత్రం తిరుగుతూనే ఉంటుంది. నిమిషానికి 120 బీట్ల వేగంలో 12 బార్ల బ్లూస్ ఒక చుట్టు తిరగడానికి 24 సెకన్లు పడుతుంది. 200 వేగంలో 32 బార్ల పాట 38 సెకన్లలో అయిపోతుంది. అంత కొద్ది సమయంలో మనసులో బార్లు లెక్కపెట్టుకుంటూ, పైగా కొత్తగా ఏదో కల్పించి వాయించడం కుదిరే పని కాదు. చట్రం లోపల పాటలా వినిపిస్తూ ఉండాలి. అందుకే మొదటి కొలత ఇది: మీరు ఎంచుకునే దారి చట్రాన్ని ఎంత తొందరగా చెవికి ఎక్కిస్తుంది?

రెండోది, తప్పు చేస్తే తప్పని మీకు తెలుస్తుందా? డ్రమ్ మీద స్వరం తప్పడం అంటూ ఉండదు కాబట్టి నెలల తరబడి తప్పుగా వాయిస్తూ కూడా బాగుందనుకోవచ్చు. వైబ్రఫోన్ మీద తప్పు స్వరం గది అంతా మోగుతుంది.

మూడోది పైన చెప్పిందే: మీ లయ పనికొస్తుందా, మూలన పడుతుందా?

నాలుగోది మామూలు సంగతి, కానీ చాలామంది దీని దగ్గరే ఆగిపోతారు. రోజూ వాయించడానికి వీలుందా? డ్రమ్ సెట్‌కి శబ్దం సమస్య, వైబ్రఫోన్‌కి చోటు సమస్య. వారానికోసారి మూడు గంటలు దొరికే మంచి వాద్యం కన్నా రోజూ ఇరవై నిమిషాలు అందే సాదా కీబోర్డ్ మేలు.

డ్రమ్ సెట్ మీదే ఉండిపోతే

బ్యాండ్‌లో ఇప్పటికే డ్రమ్స్ వాయిస్తున్నవాళ్లకి ఇది దగ్గరి దారి. వాద్యం కొత్త కాదు, చేతులు సిద్ధంగా ఉన్నాయి, నేర్చుకున్నది ఈ వారమే బ్యాండ్‌లో వాడుకోవచ్చు. ట్రేడింగ్ ఫోర్స్ అని ఒక ఆచారం ఉంది: నాలుగు బార్లు శాక్సఫోన్, నాలుగు బార్లు డ్రమ్స్, ఇలా మార్చి మార్చి వాయిస్తారు. డ్రమ్మర్‌కి ఇంతకన్నా మంచి బడి లేదు. అవతలివాళ్లు ఏమన్నారో విని నాలుగే బార్లలో జవాబు చెప్పి, వేళకి చోటివ్వాలి.

అయితే డ్రమ్మర్ పాడాలి. బోస్టన్‌లోని బర్క్లీ సంగీత విద్యాలయంలో 1957 నుంచి చాలా ఏళ్లు నేర్పిన అలాన్ డాసన్ తన విద్యార్థులతో డ్రమ్స్ వాయిస్తూనే పాట బాణీ పైకి పాడించేవారు. టోనీ విలియమ్స్ లాంటి డ్రమ్మర్ ఆయన శిష్యుడే. మొదట్లో సిగ్గుగా ఉంటుంది, గొంతు బాగోలేదంటారు. గొంతు ఎలా ఉన్నా ఫర్వాలేదు. పాడుతున్నంతసేపూ పాటలో ఎక్కడున్నారో మీకు తెలుస్తుంది, పాట ఆగిన చోటే దారి తప్పారని తెలిసిపోతుంది. డ్రమ్ సెట్‌కి పుట్టుకతో లేని తప్పుల గంట ఇలా దొరుకుతుంది.

ఒక ఉదాహరణ. పియానిస్ట్, స్వరకర్త డ్యూక్ ఎల్లింగ్టన్ ‘సి జామ్ బ్లూస్’ బాణీలో ఉన్నవి రెండే స్వరాలు, జి, సి. నాలుగు బార్ల వాక్యం ఒకటి మూడుసార్లు వస్తే 12 బార్లు పూర్తి. కుడిచేత్తో రైడ్ సింబల్ మీద స్వింగ్ (జాజ్‌లోని ఊగే లయ), ఎడమకాలితో హై-హ్యాట్ (పెడల్‌తో మూసే సింబల్ జత) రెండో బీట్ మీద, నాలుగో బీట్ మీద. ఇది నడుస్తుండగా బాణీ పాడండి. కుదిరాక ఎడమచేత్తో స్నేర్ మీద అదే బాణీ లయ వేయండి. తర్వాత జి వచ్చిన చోట స్నేర్, సి వచ్చిన చోట చిన్న టామ్ కొట్టండి. ఇప్పుడు మధ్య వాక్యాన్ని వదిలేసి, ఆ నాలుగు బార్లూ మీ సొంత జవాబు వేయండి. మూడో వాక్యానికి మళ్లీ బాణీలోకి రావాలి. సరిగ్గా వచ్చారంటే మీరు ఇంప్రొవైజ్ చేసినట్టే. వాయించిన దెబ్బలు పది కూడా ఉండకపోవచ్చు.

డ్రమ్స్ మాత్రమే పాట మొత్తాన్ని మోయగలవని డ్రమ్మర్ మాక్స్ రోచ్ 1966లో ‘డ్రమ్స్ అన్‌లిమిటెడ్’ ఆల్బమ్‌లో చూపించారు. అందులో తోడు లేకుండా ఒక్క డ్రమ్ సెట్ మీదే వాయించిన ముక్కలున్నాయి. కాళ్లు ఒక చిన్న వరసని పట్టుకుని ఉంటే చేతులు దాని మీద కథ చెప్తాయి. వేగం కోసం కాకుండా వదిలిన ఖాళీల కోసం వాటిని వినండి.

ఈ దారిలో లోటు కూడా ఉంది. కార్డ్‌ల (కలిపి పలికే స్వరాల గుంపుల) మార్పు వినడం ఇక్కడ దానంతట అది రాదు. పియానిస్ట్ ఎక్కడ ఉద్రిక్తత పెంచాడో, ఎక్కడ వదిలాడో మీకు లీలగా తెలుస్తుంది తప్ప పేరు పెట్టి చెప్పలేరు. బ్యాండ్‌లో డ్రమ్మర్‌గా ఉండటానికి అది చాలు. స్వరాలతో సోలో వాయించాలంటే చాలదు.

వైబ్రఫోన్ పట్టుకుంటే

జాజ్‌లో వైబ్రఫోన్‌కి పేరు తెచ్చిన లయొనెల్ హాంప్టన్ అసలు డ్రమ్మర్. 1930లో ట్రంపెట్ కళాకారుడు లూయీ ఆర్మ్‌స్ట్రాంగ్‌తో చేసిన రికార్డింగ్‌లో ఈ వాద్యం మీద సోలో వాయించారు. కర్రలు పట్టిన చేయి స్వరాల వైపు వెళ్లడం అప్పటి నుంచీ ఉన్న దారే.

ఇక్కడ వచ్చే పెద్ద ప్రశ్న రెండు మాలెట్లా (తల ఉన్న కర్రలు), నాలుగా అని. వైబ్రఫోన్ కళాకారుడు మిల్ట్ జాక్సన్ సోలోలు రెండు మాలెట్లవి. ఒక్కొక్క స్వరాన్ని గాయకుడిలా సాగదీసి, వాద్యంలోని మోటర్‌ని నెమ్మదిగా తిప్పి కంపనం పుట్టించేవారు. గ్యారీ బర్టన్ నాలుగు మాలెట్లతో పియానో లాగా కార్డ్‌లు, బాణీ కలిపి వాయించారు. ఆయన పట్టుకునే తీరుకే బర్టన్ గ్రిప్ అని పేరొచ్చింది. నన్నడిగితే మొదటి ఏడాది రెండు మాలెట్లే. నాలుగు పట్టుకోవడం దానికదే పెద్ద విద్య. దాని మీద పెట్టే బుర్ర ఇంప్రొవైజేషన్ మీద పెట్టే బుర్రలోంచే తీయాలి. ఆర్కెస్ట్రా సంగీతంలో ఇప్పటికే నాలుగు మాలెట్లకి అలవాటుపడినవాళ్ల సంగతి వేరు.

కార్డ్‌లు ఎలా కదులుతాయో రెండు మాలెట్లతో చూడొచ్చు. జాజ్ పాటల్లో అడుగడుగునా వచ్చే వరస ఒకటుంది, టూ-ఫైవ్-వన్ అంటారు. సి స్కేల్‌లో అయితే డి మైనర్ సెవెన్, జి సెవెన్, సి మేజర్ సెవెన్. ఎడమచేయి ఎఫ్ మీద, కుడిచేయి దాని పైనున్న సి మీద పెట్టి కొట్టండి. అది మొదటి కార్డ్ సారం. కుడిచేయి మాత్రం సి నుంచి పక్కనే ఉన్న బి మీదకి దించండి, ఎడమచేయి కదలక్కర్లేదు. జి సెవెన్ వచ్చేసింది. ఇప్పుడు కుడిచేయి అక్కడే ఉంచి, ఎడమచేయి ఎఫ్ నుంచి ఇ మీదకి దించండి. సి మేజర్ సెవెన్. ఒకసారి ఒక చేయి, మరోసారి ఇంకో చేయి, రెండూ ఒక్కో మెట్టే దిగాయి. కార్డ్ మార్పు అంటే పేజీలు తిప్పే లెక్క కాదని మొదటిసారి ఇక్కడే తెలుస్తుంది. ఒక్క జాగ్రత్త: ఇది వైబ్రఫోన్ మీద అన్నిటికన్నా కింద ఉన్న ఎఫ్ దగ్గర మొదలుపెట్టకండి. మామూలు మూడు ఆక్టేవ్‌ల (స్థాయిల) వాద్యానికి ఆ ఎఫ్ కింద ఇంకో పలక ఉండదు, ఇ కోసం వెళ్తే గాలిలో కొడతారు. పై ఆక్టేవ్‌లో ఎఫ్ తీసుకోండి.

ఇబ్బందులు రెండు. మొదటిది పెడల్. పాదం నొక్కి ఉంచితే ప్రతి స్వరమూ దాని ముందుదాని మీద పడి కలగాపులగం అవుతుంది. పూర్తిగా వదిలేస్తే వాద్యం పొడిగా టకటకమంటుంది. ఎక్కడ ఆపాలో పాదమూ, ఖాళీగా ఉన్న మాలెట్టూ నేర్చుకోవాలి. స్వరం మొదలుపెట్టడమే తప్ప ముగించడం అలవాటు లేని డ్రమ్మర్‌కి ఇది కొత్త.

రెండోది ఇంకా లోతైనది. పియానిస్ట్ వేళ్లకి కీ తగులుతూ ఉంటుంది. మనకి వాద్యం తగలదు, కళ్లతో చూసి కొట్టాలి. దాంతో చెవి కన్నా కళ్లు ముందుంటాయి, పలకల మీద చూడ్డానికి అందంగా ఉన్న ఆకారాలు వాయించేస్తాం. ఇంకో వింత కూడా నేను మళ్లీ మళ్లీ చూశాను. డ్రమ్ సెట్ మీద ఊపిరాడనివ్వని లయతో వాయించే కుర్రాడు వైబ్రఫోన్ ముందుకి రాగానే బార్‌కి ఎనిమిది స్వరాలు ఒకే మోస్తరుగా, టైప్ కొడుతున్నట్టు కొడతాడు. స్వరం ఏది కొట్టాలా అన్న టెన్షన్‌లో లయ మొత్తం ఆవిరైపోతుంది. దీనికి మందు పద్ధతిలో ఉంది, కింద చెప్తాను.

మారింబా (చెక్క పలకల వాద్యం) ఉంటే దాంతోనే మొదలుపెట్టొచ్చు, పలకల అమరిక ఒకటే. పెడల్ లేదు కాబట్టి ఆ గొడవ వాయిదా పడుతుంది.

కాంగా, బాంగోలు

చేతులతో వాయించే ఈ డ్రమ్ములది వేరే సంప్రదాయంలోంచి జాజ్‌లోకి వచ్చిన దారి. క్యూబా కళాకారుడు చానో పోజో 1947లో ట్రంపెట్ కళాకారుడు డిజ్జీ గిలెస్పీ బ్యాండ్‌లో చేరడం ఇందులో పెద్ద మలుపు. ఇక్కడ చట్రానికి తోడు క్లావే అనే రెండు బార్ల లయ ఇరుసులా ఉంటుంది. ఒక బార్‌లో మూడు దెబ్బలు, ఇంకో బార్‌లో రెండు. సోలోలో ఎన్ని పోకడలు పోయినా క్లావేకి అడ్డం పడకూడదు. లయ చెవికి ఇంత మంచి కసరత్తు ఇంకోటి లేదు. కానీ కార్డ్‌లు వినడం దీంతో రాదు. ‘డ్రమ్ సెట్ కన్నా తేలిక’ అనుకుని దీంట్లో దిగకండి. ఒక్క ఓపెన్ టోన్ (మూయకుండా మోగనిచ్చే దెబ్బ) నిండుగా పలకడానికే నెలలు పడుతుంది.

పక్కన పియానో

ఇది వీటికి పోటీ కాదు, తోడు. జాక్ డిజోనెట్ డ్రమ్మర్‌గా ప్రపంచానికి తెలుసు, ఆయన పియానో కూడా అంతే ఇష్టంగా వాయించేవారు. మీరు పియానిస్ట్ కానక్కర్లేదు. ఎడమచేత్తో కార్డ్ మూలస్వరం, కుడిచేత్తో పైన చెప్పిన రెండు స్వరాలు, నెమ్మదిగా. పాట బాణీ పాడుతూ ఇది వాయించగలిగితే చాలు. ఇల్లు ఇరుకైతే, రాత్రిపూట తప్ప తీరిక లేకపోతే, హెడ్‌ఫోన్ పెట్టుకోగల చిన్న కీబోర్డ్‌ని మించింది లేదు. పైగా వైబ్రఫోన్‌దీ దీనిదీ అమరిక ఒకటే, ఇక్కడ నేర్చుకున్నది అక్కడికి నేరుగా వెళ్తుంది.

| దారి | చట్రం చెవికెక్కడం | కార్డ్‌లు వినడం | మీ లయ | అసలు ఇబ్బంది |
|---|---|---|---|---|
| డ్రమ్ సెట్ | పాడుతూ వాయిస్తే తొందరగా, లేకపోతే ఎప్పటికీ రాదు | తక్కువ | పూర్తిగా పనికొస్తుంది | తప్పు బయటపడదు, శబ్దం |
| వైబ్రఫోన్ | బాగా | బాగా | మొదట్లో మాయమవుతుంది | పెడల్, కళ్ల మీద ఆధారపడటం, చోటు |
| కాంగా, బాంగోలు | క్లావే బాగా, పాట చట్రం ఓ మోస్తరు | చాలా తక్కువ | పూర్తిగా, ఇంకా పదునెక్కుతుంది | చేతి టోన్‌కి పట్టే కాలం |
| పియానో తోడుగా | బాగా | అన్నిటికన్నా బాగా | కొంతే | ఇంకో వాద్యానికి సమయం తీయాలి |

పద్ధతి: చెవి, స్కేల్స్, లయ

వాద్యం ఏదైనా, ఎలా నేర్చుకోవాలన్నది విడి ప్రశ్న. వాద్యం కన్నా ఇదే ముఖ్యమని నాకనిపిస్తుంది.

చెవి దారి అంటే గొప్ప సోలోల్ని విని, అచ్చంగా పాడి, తర్వాత వాయించడం. పియానిస్ట్ లెనీ ట్రిస్టానో తన విద్యార్థులతో శాక్సఫోన్ కళాకారుడు లెస్టర్ యంగ్ లాంటివాళ్ల సోలోల్ని రికార్డుతో కలిపి పాడించేవారు. పాడటం వచ్చాకే వాద్యం. ఇది నెమ్మదిగా సాగుతుంది కానీ నేర్చుకున్నది పోదు. స్వరాలతో పాటు ఒత్తు, ఊపు, బీట్‌కి కాస్త వెనక నిలబడే తీరు కూడా వచ్చేస్తాయి, వీటిని కాగితం మీద రాయలేం. పర్కషనిస్టులకి ఒక చిట్కా: వైబ్రఫోన్ సోలో కన్నా ముందు ట్రంపెట్‌దో శాక్సఫోన్‌దో తీసుకోండి. ఊదేవాళ్లు ఊపిరి తీసుకోవడానికి ఆగాలి, మనకి ఆ అవసరం లేదు. అందుకే మన సోలోల్లో వాక్యాలకి ముగింపులుండవు. వాళ్లని పాడితే ఆగడం వస్తుంది. మొదటిసారికి నాలుగు బార్లు చాలు. వాయించగలిగేదాకా నొటేషన్ రాయకండి, రాస్తే చెవి పని ఆపేసి కళ్లకి అప్పజెప్పేస్తుంది.

కార్డ్-స్కేల్ దారిలో ప్రతి కార్డ్‌కీ ఒక స్కేల్ జత చేస్తారు. డి మైనర్ సెవెన్‌కి డి డోరియన్, అలా. కాలేజీల్లో ఎక్కువగా నేర్పేది ఇదే, ఎందుకంటే క్లాసులో చెప్పడానికి, పరీక్ష పెట్టడానికి వీలైంది ఇదే. ఏ స్వరం ఎందుకు కుదురుతుందో త్వరగా తెలుస్తుంది, పాటలు ఎక్కువ సంఖ్యలో అందుబాటులోకి వస్తాయి. కానీ స్కేల్ అంటే అక్షరమాల, అక్షరమాల చదివితే కథ అవదు. వైబ్రఫోన్ మీద ఈ దారి మరీ ప్రమాదం, పైన చెప్పిన ‘టైప్ కొట్టడం’ ఇక్కడే ముదురుతుంది. ఏడాది తర్వాత అయితే దీన్ని గట్టిగా సిఫారసు చేస్తాను. మొదటి రోజు వద్దు.

లయ ముందు అనే దారి నాది. ఒకే స్వరంతో 12 బార్ల సోలో వాయించండి. ఒక్కటే, సి. విసుగు పుట్టకుండా ఎలా వాయిస్తారు? ఎక్కడ మొదలుపెట్టారు, ఎంతసేపు ఆగారు, ఎంత మెల్లగా కొట్టారు, వీటితోనే. డ్రమ్మర్‌కి ఇది చేతనైన పని, కాబట్టి తొలి రోజే సంగీతంలా వినిపిస్తుంది. తర్వాత రెండు స్వరాలు. ఎల్లింగ్టన్ పాట రెండింటితోనే నిలబడిందని చూశాం కదా. తర్వాత కార్డ్ మారినప్పుడు ఒక్కో మెట్టు దిగే ఆ రెండు స్వరాల్ని ఇదే లయతో వాయించండి. ఆపైన వాటి చుట్టుపక్కల స్వరాలు. ఎక్కడైనా లయ చప్పబడితే ఒక మెట్టు వెనక్కి.

ఈ దారిలో ఉన్న మోసం కూడా చెప్పాలి. మనకి చేతనైన చోటే తిరుగుతూ ఉండిపోతాం. ఆర్నెల్లయినా రెండు స్వరాల దగ్గరే చమత్కారాలు చేసేవాళ్లని చూశాను, అందులో నేనూ ఉన్నాను. నెలకో కొత్త కార్డ్ వరస అని గడువు పెట్టుకోకపోతే స్వరాల వైపు అడుగు పడదు.

ట్రాక్‌తోనా, మనుషులతోనా

ప్లే-అలాంగ్ ట్రాక్‌లు (కలిసి వాయించడానికి చేసిన తోడు రికార్డింగ్‌లు) ఎప్పుడంటే అప్పుడు దొరుకుతాయి, విసుక్కోవు. కానీ ట్రాక్ మీ మాట వినదు. మీరు మెల్లగా వాయించినా అది మెల్లబడదు, మీరు దారి తప్పినా చట్రాన్ని అదే మోసుకుపోతుంది. దాంతో మీకు చట్రం వచ్చేసిందన్న భ్రమ కలుగుతుంది. నా నాలుగు బార్ల పరువునష్టానికి అసలు కారణం ఇదే. అప్పటికి ట్రాక్‌లతో నెలలు సాధన చేశాను, డ్రమ్ సోలో చోట మిగతా వాద్యాలు ఆగిపోతాయన్న సంగతి మాత్రం ట్రాక్ నాకు నేర్పలేదు.

ట్రాక్ వాడితే దానికి తోడు మెట్రోనోమ్ (క్లిక్‌లతో వేగం చూపే పరికరం) పరీక్ష కూడా పెట్టుకోండి. ముందు రెండో, నాలుగో బీట్ల మీద క్లిక్. తర్వాత నాలుగో బీట్ మీద మాత్రమే. తర్వాత రెండు బార్లకోసారి. ఎంత ఖాళీ పెరిగితే అంత మీరే మోయాలి.

జామ్ సెషన్‌కి (ఎవరైనా వచ్చి కలిసి వాయించే చోటికి) వెళ్లడానికి ‘ఇంకా రెడీ కాలేదు’ అని ఏళ్లు గడిపేవాళ్లున్నారు. నాలుగు పాటల బాణీలు పాడగలిగి, వాటి చట్రంలో దారి తప్పకుండా తోడు వాయించగలిగితే వెళ్లిపోవచ్చు. సోలో ఇస్తామన్నా మొదటి రోజు వద్దనండి, ఎవరూ ఏమీ అనుకోరు.

నేర్పేవాళ్లకి

ఒక్కొక్కరికి విడిగానా, గుంపుగానా? చేతి పట్టు, పెడల్, టోన్ లాంటివి విడిగానే సరిదిద్దాలి. ఇంప్రొవైజేషన్ మాత్రం గుంపులో తొందరగా వస్తుంది. పర్కషన్ గదిలో ఉన్న సదుపాయం ఇంకెవరికీ లేదు: బయటివాళ్లు అక్కర్లేకుండానే బ్యాండ్ తయారవుతుంది. మారింబా కింది భాగం మీద ఒకరు బేస్ నడక (బీట్‌కో స్వరం చొప్పున నడిచే కింది వరస), వైబ్రఫోన్ మీద ఒకరు రెండు స్వరాల కార్డ్‌లు, ఒకరు డ్రమ్ సెట్, మరొకరు సోలో. కోరస్ తిరగ్గానే అందరూ ఒక వాద్యం జరగాలి. బేస్ వాయించిన చేయి తర్వాత సోలోలో దారి తప్పదు, దాని కింద ఏముందో దానికి తెలుసు కాబట్టి. మొదటి క్లాసులో పెద్ద గందరగోళంగా ఉంటుంది. ఉండనివ్వండి, బ్లూస్ ఒక్కటే పెట్టుకుని వేగం తగ్గించండి.

మొదటి పాఠంగా బ్లూస్ స్కేల్ ఇవ్వాలా అన్నది ఇంకో వాదన. ఇస్తే పిల్లలకి భయం పోతుంది, ఏ స్వరం కొట్టినా ఏదో రకంగా అతుక్కుంటుంది. నాకున్న అభ్యంతరం కూడా అదే. ఏది కొట్టినా ఫర్వాలేదనిపిస్తే వినడం మానేస్తారు. భయం మరీ ఎక్కువున్న పిల్లలకి ఒక వారం ఇచ్చి వెనక్కి తీసుకోండి. మిగతావాళ్లకి ఒక్క స్వరం చాలు.

విద్యార్థికి చట్రం వచ్చిందో లేదో తెలుసుకోవడానికి పరీక్ష పేపర్ అక్కర్లేదు. సోలో మధ్యలో చప్పట్లు కొట్టి ఆపండి, ‘ఎన్నో బార్?’ అని అడగండి. చెప్పలేకపోతే బాణీలో ఇప్పుడు ఏ ముక్క వస్తుందో పాడమనండి. బార్ నంబర్ చెప్పలేకపోయినా పాడగలిగితే నా లెక్కలో పాసే. నంబర్ చెప్పి పాడలేనివాడి గురించే నాకు దిగులు.

నేర్పేవాళ్లు చేసే తప్పు ఒకటి నేనూ చాలాకాలం చేశాను: విద్యార్థి వాయించిన ప్రతి కోరస్‌కీ వెంటనే తీర్పు చెప్పడం. ఇప్పుడు వాయించింది రికార్డ్ చేసి వాళ్లకే వినిపిస్తాను, ‘ఇందులో నీకు మళ్లీ వాయించాలనిపించిన రెండు బార్లు ఏవి?’ అని అడుగుతాను. సాధారణంగా ఖాళీ ఎక్కువున్న బార్లే చూపిస్తారు.

మీరు ఎవరు?

బ్యాండ్‌లో డ్రమ్స్ వాయిస్తూ, సోలో రాగానే చెమటలు పట్టేవాళ్లయితే వాద్యం మార్చకండి. డ్రమ్ సెట్, పాడటం, లయ ముందు దారి. పక్కన కీబోర్డ్ మీద రెండు స్వరాల కార్డ్‌లు, అంతే.

ఆర్కెస్ట్రా నుంచి వచ్చి, మాలెట్లు బాగా తిప్పుతూ, కాగితం లేకపోతే చేతులు ఆడనివాళ్లకి వైబ్రఫోన్, చెవి దారి. వీళ్లకి చెయ్యి సమస్య కాదు, కాగితం మీద నమ్మకమే సమస్య. స్కేల్స్ వీళ్లకి ముందే వచ్చు కాబట్టి కార్డ్-స్కేల్ పుస్తకం ఇస్తే దాన్ని కూడా ఇంకో ఎక్సర్‌సైజ్‌లా పూర్తి చేసేస్తారు. ఇవ్వకండి.

చేతి డ్రమ్స్ వాయించేవాళ్లు తమ వాద్యం వదలక్కర్లేదు. పియానో తోడు మాత్రం వీళ్లకే అందరికన్నా ఎక్కువ అవసరం.

పెద్దవయసులో, ఉద్యోగం మధ్య, రోజుకి ఇరవై నిమిషాలే దొరికేవాళ్లు నా దగ్గరికి ఎక్కువగా వస్తారు. వీళ్లు రెండు వాద్యాలూ మూడు పద్ధతులూ నెత్తిన పెట్టుకోకూడదు. వీళ్లకి నేను రాసిచ్చే చీటీ ఇది. మొదటి ఐదు నిమిషాలు: ఒక్క పాట, బాణీ పాడుతూ తొడ మీద రెండో బీట్, నాలుగో బీట్ చరచడం. తర్వాత పది నిమిషాలు: అదే పాట మీద ఒకటో రెండో స్వరాల సోలో, ఒక కోరస్ వాయించడం, ఒక కోరస్ వాయించకుండా లోపలే వినడం. వాయించని కోరస్ అయిపోగానే ఒకటో బార్ మీద కచ్చితంగా దిగాలి. చివరి ఐదు నిమిషాలు: ఒక ట్రంపెట్ సోలోలో నాలుగు బార్లు వినడం, పాడటం. నెలంతా అదే పాట. పాట మార్చమని రెండో వారంలోనే అడుగుతారు, మార్చను.